బావగారి స్వేదం

బోనకల్,
శ్రావణ బహుళ విదియ.

భద్రయ్య బావకు, సారపాక నుండి నిన్న సాయంత్రం ఇల్లు చేరిన వెంకటనారాయణ వ్రాయునది.

ఫోనుండగా ఉత్తరమెందుకని సుబ్బరత్నం నవ్వుతుంది. ఫోనులో పొగడితే మాట గాలికి పోతుంది. కాగితం మీద పొగడినవాడు ఆ పొగడ్తకు కట్టుబడి ఉండాలి. నా చెల్లెలి మగడవు గనుకా, ఒకే గురువు దగ్గర ఛందస్సు నేర్చినవాడవు గనుకా నీకు ఆ గౌరవం దక్కనిస్తున్నాను.

మొన్న మీ మిల్లు కాలనీ రామాలయంలో నీ పురాణం విన్నాను. రాముడు నారచీర కట్టి అడవికి బయలుదేరే ఘట్టం. కొంతసేపు మామూలుగానే చదివావు. తరువాత నీ నుదుట చెమట పట్టింది. గోదావరి మీద నుండి చల్లగాలి, నెత్తిన రెండు ఫ్యానులు, ఆడవారంతా కొంగులు కప్పుకుని కూర్చున్నారు. చెమట నీకొక్కడికే. చెంపల మీదుగా గడ్డానికి, గడ్డం నుండి పుస్తకం మీదికి జారింది. ఉత్తరీయం ఒంటికి అంటుకుపోయింది. పుట తిప్పే వేళ్ళు వణికాయి. ముఖం పాలిపోయింది. "నాయనా" అన్న పిలుపు దగ్గర గొంతు తడబడి, ఒకే మాటను మళ్ళీ మళ్ళీ అన్నావు.

నా పక్కన కూర్చున్న యశోదమ్మ చెంపలు వాయించుకున్నది. "సూడుండ్రి, సామి ఒంట్లకు రాముడే దిగిండు! గింత సల్లగాలిల ఎవలకన్న గట్ల చెమట వడ్తదా?" అన్నది. హారతి కాగానే ఆమె, ఆమె వెనుక పదిమంది, తడిసిన నీ ఉత్తరీయపు కొసను కళ్ళకద్దుకున్నారు.

సాత్త్విక భావాలు ఎనిమిదని నీకు నేను చెప్పనక్కరలేదు. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మనస్సు నిండినప్పుడు దేహం తనంత తాను ఇచ్చే సాక్ష్యాలివి. తెచ్చిపెట్టుకుంటే వచ్చేవి కావు. తరగతి గదిలో జీవితమంతా ఈ ఎనిమిదింటినీ పిల్లల చేత వల్లె వేయించాను. ఒక్కటైనా నా ఒంటికి రాలేదు. నీకు ఒక్క ఆసనంలో నాలుగు వచ్చాయి: చెమట, వణుకు, ముఖం పాలిపోవడం, గొంతు మారడం. బస్సులో ఖమ్మం చేరేలోగా ఈ ఆటవెలది వచ్చింది:

చెమట నీదు నుదుటఁ జినుకులై జారంగ
జనులు భక్తి యనుచు సాగి కొలువ
నెండియున్న మేన నెదుటనే కూర్చుంటి
తనకు రాని వానఁ దలఁచు చేను.

దీనికేదైనా సాధన ఉంటే దాచకుండా వ్రాయి.

ఇట్లు,
వెంకటనారాయణ

* * *

సారపాక,
భాద్రపద శుద్ధ దశమి.

బావా,

నీ పద్యం సుబ్బరత్నానికి చదివి వినిపించాను. "అన్నయ్య పొగుడుతున్నడా, ఏడుస్తున్నడా?" అని అడిగింది. గణాలు సరిపోయాయి, యతి కుదిరింది, రెండూ చేస్తున్నాడని చెప్పాను.

సాధన అంటూ ఏమీ లేదు. నియమం ఒకటి ఉంది. పురాణం ఉన్ననాడు తెల్లవారింది మొదలు మంగళం పాడేదాకా పచ్చిగంగ ముట్టను. చక్కెరవ్యాధి మాత్ర మాత్రం పొద్దున ఉద్ధరిణెడు తీర్థంతో వేసుకుంటాను. అది మానితే మీ చెల్లెలు ఊరుకోదు. ఎండాకాలంలో పాల్వంచ వైద్యుడు మాత్ర మార్చాడు. అప్పటి నుండి చక్కెర అదుపులోకి వచ్చింది. నా పురాణం పండింది కూడా అప్పటి నుండే. రెండూ స్వామి దయే అనుకుంటున్నాను.

నీకూ నాకూ ఒకే వయస్సు, ఒకే వ్యాధి, ఒకే చదువు. నీకెందుకు రాలేదంటావా? విరామంలో నీవు గుడి ముందు బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తింటూ కనబడ్డావు. బజ్జీ తిన్న నోటికి సాత్త్వికం రాదు బావా, త్రేన్పు వస్తుంది.

ఈ అనుగ్రహానికి చాకిరీ మాత్రం సుబ్బరత్నానిది. నూలు ఉత్తరీయాలు నాలుగు కొన్నాం. ఒకటి తడిస్తే ఒకటి మారుస్తున్నాను. పక్కబట్టలు కూడా తెల్లవారేసరికి పిండితే నీళ్ళు కారేటట్లుంటున్నవి. నిద్రలోనూ నామస్మరణ జరుగుతున్నదని నా నమ్మకం.

నీ భద్రయ్య

* * *

బోనకల్,
ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి.

భద్రయ్య బావకు,

శుభవార్త నీకు ఈపాటికి అందే ఉంటుంది. నాకు అందిన తీరు వ్రాస్తాను.

మా రామమందిరం కమిటీ పెద్ద రాంబాబు, ఎరువుల దుకాణం ఆసామి, మొన్న ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సారూ, ఏమనుకోకుండ్రి. ఈసారి కార్తీక పున్నమి పురాణానికి సారపాక పంతుల్ని పిలుస్తున్నం."

"ఎందుకయ్యా? ఏటా నేను చెప్పడం లేదూ?"

"మీరు చెప్తే అర్థమైతది సారూ. ఆయన చెప్తే ఒళ్ళు జల్లుమంటది."

"అర్థం కావడం తప్పా?"

"తప్పు గాదు. గానీ అర్థమైనంక ఇంటికి పోయి పండుకుంటం." గొంతు తగ్గించి, "మీకు చెమట గూడ వట్టదు గద సారూ!" అన్నాడు.

బావా, శాస్త్రం అసూయను సంచారి భావాల లెక్కలో వేసింది. సంచారి అంటే వచ్చి పోయేది. నాలో మాత్రం అది కాపురం పెట్టింది. పురాణం పోయినందుకు కాదు, నా ఊరిలో నా మనుషుల చేత ఆ మాట అనిపించుకున్నందుకు.

దాచడమెందుకు? నీ నియమం నేనూ పట్టి చూశాను. ఒకనాడు తెల్లవారి నుండి ఏమీ తినక, గది తలుపులు మూసి, ఫ్యాను ఆపి, అదే ఘట్టం గొంతెత్తి చదివాను. కోడలు ఉదయశ్రీ తలుపు తోసి తొంగి చూసింది. "మామయ్యా, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందా ఏంది, గట్ల ఉక్కల కూసున్నరు?" అన్నది. ఒక్క బొట్టు కూడా పట్టలేదు. నడుము పట్టింది.

ఇట్లు,
వెంకటనారాయణ

* * *

సారపాక,
ఆశ్వయుజ బహుళ తదియ.

బావా,

నీ ఉత్తరం చదివి జాలి కలిగింది. సాత్త్వికం ఉక్కపోతలో పుట్టదు. గది తలుపులు మూస్తే సరిపోదు, లోపలి తలుపు తెరవాలి. కార్తీకంలో నీ ఇంటనే దిగుతాను. దగ్గర కూర్చుని చూడు. చూసి నేర్చుకోవడంలో చిన్నతనం లేదు.

ఒక విశేషం. మొన్న శుక్రవారం నాకు స్తంభం కూడా కలిగింది. పద్యం మధ్యలో చేయి గాలిలోనే నిలిచిపోయిందట, పిలిస్తే పలకలేదట. ఆ తరువాతి పురాణం నాకు జ్ఞాపకం లేదు. కళ్ళు తెరిచేసరికి నా చుట్టూ హారతులు. నోటిలో తియ్యగా ఉంది, తీర్థంలో ఎవరో పటికబెల్లం కలిపారట. ఇప్పుడు మా వాళ్ళు ఒక కట్టుబాటు చేశారు. ఆవేశం వచ్చినప్పుడు కాళ్ళకు మొక్కేవారు తప్ప ఇంకెవ్వరూ పీఠమెక్కి నన్ను తాకరాదు. మీ రాంబాబుకు కూడా అదే చెప్పి పంపారు.

ఐదు అయినవి. మూడు మిగిలినవి.

నీ భద్రయ్య

* * *

బోనకల్,
ఆశ్వయుజ బహుళ దశమి.

భద్రయ్యా,

నీ ఐదు సాత్త్వికాల గుట్టు నిన్న ఖమ్మంలో దొరికింది.

మహబూబ్ అలీ నాతో పనిచేసిన లెక్కల మాస్టారని నీకు తెలుసు. ఆయన కూతురు ఆతియా చక్కెరవ్యాధికి వైద్యం చేస్తుంది. నా పరీక్షలన్నీ చూసి, బాగున్నవని చెప్పి, "ఇంకేమన్న బాధ ఉన్నదా మాస్టారూ?" అని అడిగింది.

"చెమట పట్టడం లేదమ్మా" అన్నాను.

"పట్టకపోతే మంచిదే గద! చెమటలు పోస్తున్నయని ఏడ్చేటోళ్ళనే చూసిన గానీ, పోస్తలేదని ఏడ్చేటోళ్ళను మిమ్ముల్నే చూస్తున్న."

నీ సంగతి, ఎనిమిది సాత్త్వికాల లెక్కతో సహా, చెప్పాను. గొప్పగా చెప్పాలనుకోలేదు, ఓర్వలేకే చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది. నీవు ఏ మాత్ర వేసుకుంటావని అడిగింది. సుబ్బరత్నానికి ఫోను చేసి పేరు చదివించాను. "మీ మాత్ర వేరు మాస్టారూ. మీరొక్కదినం తినకపోయినా గది మిమ్ముల్ని పడగొట్టది. ఆయనది గట్ల గాదు. అన్నం ఉన్నా లేకున్నా అది షుగర్ను దించుకుంటనే పోతది. మరీ పడిపోతే చల్లటి చెమట పడతది. చేతులు వణుకుతయి. మొఖం తెల్లబారతది. మాట తడబడతది."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. స్వేదం, వేపథువు, వైవర్ణ్యం, స్వరభేదం. వరుస కూడా మారలేదయ్యా! నేను నవ్వాను. ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని పగలబడి నవ్వాను.

ఆమె నవ్వలేదు. "మీ లెక్కల ఎనిమిదోది ఏందన్నరు?"

"ప్రళయం."

"అంటే?"

"స్పృహ తప్పడం."

"మా లెక్కల గూడ గదే ఆఖరుది. దాని తర్వాత ఇంకోటి లేదు. ఆయన తెలివిల ఉన్నప్పుడే చక్కెరో బెల్లం నీళ్ళో తాగించాలె. పడిపోయినంక నోట్ల ఏం పొయ్యొద్దు, దవాఖానాకు తీస్కపోవుడే. పక్కబట్టలు తడుస్తున్నయంటే నిద్రల గూడ పడిపోతుందన్నట్టు. ఇంత జల్దీ తోలుకరండ్రి."

కనుక నీ ఒంట్లోకి దిగినది రాముడు కాడు, మాత్ర. తినవలసిన అన్నం తినక ఆ మాత్ర మింగి, వచ్చిన నీరసానికి హారతులు పట్టించుకుంటున్నావు. ఈ సంగతి మా కమిటీ వారికి కూడా చెప్పదలచుకున్నాను. తాము దేనికి మొక్కుతున్నారో వారికి తెలియాలి.

పురాణం నాడు అన్నం తిను.

వెంకటనారాయణ

* * *

సారపాక,
ఆశ్వయుజ బహుళ చతుర్దశి.

శ్రీ వెంకటనారాయణగారికి,

తమరి లేఖ చేరినది. పగలబడి నవ్విన సంగతి తెలిసినది. తిను అన్న మాటకు ఒక్క పంక్తి, నవ్వుకు ఒక పుట వెచ్చించారు.

నాకున్న దానిలో తమరికి వాటా కావలసి వచ్చినది. గది తలుపులు మూసుకుని ప్రయత్నించారు, దొరకలేదు. దొరకని దానిని రోగమన్నారు. కమిటీ వారికి నిరభ్యంతరంగా చెప్పుకోవచ్చును. ఎవరు చెప్పారో చూసి ఎందుకు చెప్పారో వారే గ్రహించగలరు.

పున్నమి పురాణం మానను. తమరింట దిగను, రాంబాబు ఇంట దిగుతాను. పరీక్షకు రాను. మంగళం పాడేదాకా పచ్చిగంగ ముట్టను.

భద్రయ్య

* * *

సారపాక,
దీపావళి తెల్లారి.

అన్నయ్యా,

నీ లెక్క నాకు రాయరాదు. తప్పులుంటే దిద్దుకుంట కూసోకు.

నువ్వు రాసిన కాగితం ఆయన చింపి పొయ్యిల ఏసిండు. ఏసేముందు నేను చదివిన. నువ్వు చెప్పింది నిజమే. మొన్న పొద్దుగాల చాయ్ తెచ్చి లేపితే నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నడు. ఒళ్ళంత నీళ్ళు. చాయ్‌లనే ఇంత చక్కెర ఏసి తాగించిన. కొంచెం సేపటికి లేచి కూసోని, "తెల్లారి చక్కెర చాయ్ ఎందుకిచ్చినవే, నాకు షుగర్ లేదా?" అని నన్నే తిట్టిండు.

అన్నయ్య చెప్పింది ఇదే గద అంటే, నువ్వు గూడ మీ అన్న జట్టే అంటడు. ఇంగ నేనేం చెప్పినా నీ మాటే అయితది. గీ మాట పాల్వంచ డాక్టరు చెప్పినా వినునేమో. నువ్వు చెప్పినవ్, అదే తప్పయింది. బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అంటరు. నువ్వు దాయాది లెక్క రాసినవ్.

ఆయన బోనకల్ వస్తడు. తినకుంటనే వస్తడు. నీ ఊర్లె, నీ కండ్ల ముందట పడిపోతే నేను నిన్ను ఏమనాలె? నువ్వు గెల్వకు అన్నయ్యా. ఆయన్ను బతికియ్యి.

సుబ్బరత్నం

* * *

బోనకల్,
కార్తీక శుద్ధ పంచమి.

చెల్లీ,

నీ ఉత్తరంలో దిద్దవలసిన తప్పు ఒక్కటీ లేదు. తప్పున్నది నా ఉత్తరంలో.

రాంబాబుతో మాట్లాడాను. మధ్యలో బెల్లపు నీళ్ళు ఇవ్వాలన్నాను. "సామి మంగళందాక ముట్టడు సారూ, మీకు తెల్వదా?" అన్నాడు. ఆవేశం రాగానే నన్ను పీఠం దగ్గరికి పోనివ్వమన్నాను. "మొక్కెటోళ్ళను తప్ప పోనియ్యం. మీరు మొక్కరు గద" అని నవ్వాడు. ఇది ఆవేశం కాదు, ఆపద అని చెప్పబోయాను. వాడు నా ముఖం చూసిన చూపులో బావ ఉత్తరమే కనిపించింది.

నీవు ఆయన ఎదుటనే కూర్చో. చెమట మొదలు కాగానే నా వైపు చూడు, చాలు. ఏం చేయాలో నాకు తెలిసింది. చేయగలనో లేదో తెలియదు. అన్నం ముట్టి రెండు పూటలైంది. ఇది సాధన కాదు, సహించడం లేదు.

అన్నయ్య

* * *

సారపాక,
కార్తీక బహుళ చవితి.

ప్రియమైన బావా,

మనస్సు తేలికపడి వ్రాస్తున్నాను. ఆనాటి చివరి భాగం నాకు స్మృతిలో లేదు. మీ రాంబాబు బస్సు దాకా వచ్చి, ఎక్కించేదాకా అదే చెప్పాడు:

"మీకు చెమట వట్టి, మాట ఆగిపోయింది సామీ. మేమంత నమో అనుకుంట లేసి నిలబడ్డం. అప్పుడు ముందలి వర్సల మీ ఇంటామె ఎనకకు తిరిగి చూసింది. మా సారు లేసిండు. చేతిల రాగిచెంబు. జనాన్ని తోసుకుంట వచ్చి, అందరి ముందట మీ కాళ్ళ మీద బోర్ల పడ్డడు! గా మనిషి ఎన్నడన్న ఎవరికన్న వంగిండా? మీ కాళ్ళు పట్టుకున్నడు, ఇడ్వలే. 'స్వామీ, నేను ఓడిపోయిన. ఈ పానకం మీరు తాగితేనే నా పాపం పోతది' అన్నడు. ఇదేంది, కార్తీకంల పానకమేంది, నవమికి ఇంక ఐదు నెలలున్నది గద అన్న నేను. అయినా సారు చెంబు మీ నోటికి పెట్టిండు. మీరు కొంచెం కొంచెం గుటక లేసిండ్రు. ఊరు ఊరంత ఏడ్చింది సామీ. నేను గూడ ఏడ్చిన."

చెంబెడు పానకం తాగి, కాసేపటికి మిగిలిన ఘట్టం నేను ఖంగున చదివానట. నియమభంగమని నేను బాధపడడం లేదు. శరణన్నవాడు ఇచ్చినది ప్రసాదం, ప్రసాదం ఆహారం కాదు. నీ మాత్సర్యం నా పాదాల దగ్గర కరిగింది. గతం మరచిపోయాను. ఇకపై నిన్ను బావమరిదిగా కాక శిష్యునిగా చూసుకుంటాను.

మీ చెల్లెలు ఎందుకో ఈ మాట ఎత్తితే లేచి వంటింట్లోకి పోతున్నది.

నీ భద్రయ్య

* * *

బోనకల్,
కార్తీక బహుళ ఏకాదశి.

గురువుగారికి శిష్యుడు వెంకటనారాయణ నమస్కరించి చేసుకునే విన్నపం.

ఇప్పుడు మా వీధిలో పిల్లలు కూడా నన్ను చూసి, "సారపాక సామి కాళ్ళ మీద పడ్డది గీ సారే" అని చెప్పుకుంటున్నారు. రాంబాబు ఆ దృశ్యాన్ని ఫోనులో పట్టి ఊరందరికీ పంపాడు. నాకూ పంపాడు.

శిష్యుడైన వాడికి ఒక హక్కు ఉంది. అతనికి సందేహం కలిగితే తీర్చడం గురువు ధర్మం. తీర్చనంటే గురుత్వం నిలవదు. నా సందేహం ఇది. వచ్చే పురాణంలో స్వేదం కలిగిన క్షణాన, సుబ్బరత్నం తన దగ్గరున్న షుగరు మిషనుతో తమరి వేలి నుండి ఒక్క బొట్టు రక్తం తీసి చూడాలి. పక్కనే బెల్లపు నీళ్ళు ఉంచుకోవాలి. అది భక్తి అయితే మిషనులో అంకె మామూలుగా ఉంటుంది. అప్పుడు నేను సారపాకకు వచ్చి, మిల్లు గేటు ముందు షిఫ్టు వదిలే వేళ, మళ్ళీ ఆ పాదాల మీద పడతాను. ఎవరు కావాలంటే వారు ఫోనులో పట్టుకోవచ్చు.

అంకె తక్కువైతే మాత్రం ఆ రోజే ఖమ్మం రావాలి. ఆతియా దగ్గరికి.

శిష్యుడు,
వెంకటనారాయణ

* * *

సారపాక,
మార్గశిర బహుళ షష్ఠి.

బావా,

అంకె యాభై కూడా లేదు.

సుబ్బరత్నం బెల్లపు నీళ్ళు పట్టిస్తూ పీఠం మీదనే నన్ను తిట్టింది. జనం దానిని కూడా లీల అనుకున్నారట. మరునాడు ఖమ్మం వెళ్ళాం. ఆతియా ఆ మాత్ర మాన్పించి వేరొకటి వ్రాసింది. పాల్వంచ వైద్యుని పాత చీటీ తెరిచి నాకే చదివి వినిపించింది. తిన్న తరువాతనే వేసుకోవాలని ఆయన మొదటినుండీ వ్రాసే ఉంచాడు. మాత్ర పేరు చదివాను, కింది పంక్తి చదవలేదు. నేను వ్యాఖ్యానాలు చెప్పేవాడిని!

ఇప్పుడు పురాణం నాడు కూడా ఇడ్లీలు తింటున్నాను. జేబులో బెల్లం ముక్క ఉంటుంది. పక్కబట్టలు పొడిగా ఉంటున్నవి. ఒక్కటి మాత్రం పోలేదు. అన్నంలో ఆవకాయ కలపగానే నెత్తి మీద నుండి చెమట కారుతుంది. "అది ఏండ్ల షుగర్కు నరాలు దెబ్బతిని వచ్చేది తాతయ్యా. కారం తగ్గించుకోండ్రి, చిన్న తువ్వాల దగ్గర పెట్టుకోండ్రి. పాదాలు మాత్రం రోజూ చూసుకోవాలె" అన్నది ఆతియా. నా స్వేదానికి ఇప్పుడు ఆలంబనం ఆవకాయ.

నవ్వు కోసం వ్రాశాను గాని నవ్వు రావడం లేదు. నావనుకున్నవి ఐదూ నావి కావు. ఉత్తరీయాన్ని కళ్ళకద్దుకున్న ఆ తల్లుల ముఖం ఎట్లా చూడను? మాఘంలో భద్రాచలం సత్రంలో పురాణానికి ఒప్పుకున్నాను. నాకు చేత కాదు. అది నీవు చెప్పు. నీకు చాలాకాలంగా ఆ పీఠం మీద ఆశ ఉందని నాకు తెలుసు.

ఒక్కటి అడుగుతాను. నా కాళ్ళు పట్టుకున్నప్పుడు నీవు నమ్మి పట్టుకున్నావా?

భద్రయ్య

* * *

బోనకల్,
పుష్య శుద్ధ తదియ.

బావా,

నమ్మలేదు. నీ పాదాలు పట్టుకుంటే మంచుముక్కల్లా తగిలాయి. తల ఎత్తి నీ కళ్ళు చూశాను. ఇంకా నన్ను చూస్తున్నవి. మింగగలవని తెలిసి చెంబు నోటికి పెట్టాను. నీ దగ్గరికి రావడానికి అదొక్కటే దారి మిగిలింది గనుక పడ్డాను. ఓడిపోయినానని అన్న మాట ఇంకా నా గొంతులోనే ఉంది.

భద్రాచలం పీఠం నాకు కావాలి. కాని నీవు వదిలేసింది ఏరుకోను. నీవు తిని, పొడి ఉత్తరీయంతో పోయి ఆ పురాణం చెప్పు. నేను వచ్చి వెనుక వరుసలో కూర్చుంటాను. ఎందుకో అడగకు.

వెంకటనారాయణ

* * *

భద్రాచలం, సత్రం నుండి,
మాఘ శుద్ధ పౌర్ణమి.

బావా,

నీవు పక్క గదిలోనే పడుకున్నావు. ఎదుట నిలబడి చెప్పలేను గనుక వ్రాసి తలుపు కింద నుండి తోస్తున్నాను.

ఎందుకు వచ్చానో ఇప్పుడు చెబుతాను. చెమట లేని నీ పురాణానికి జనం లేచిపోతుంటే చూడాలని వచ్చాను. అప్పుడు గాని నాకు నిద్ర పట్టదనుకున్నాను.

నీ నుదురు పొడిగా ఉంది. చేయి వణకలేదు. గొంతు ఎక్కడా తప్పలేదు. తల్లి దగ్గర రాముడు సెలవు తీసుకునే చోట నీవు గొంతు పెంచలేదు, తగ్గించావు. ఆ చివరి పాదం విరిచి, సగం దగ్గర ఆగావు. ఆ ఆగడం మన గురువుగారు మన ఇద్దరికీ ఒకేసారి చెప్పారు. నేను దానిని విరామమని పిల్లలకు నేర్పాను. నీవు దానిలో ఒక తల్లిని నిలబెట్టావు.

అటూ ఇటూ చూశాను. ఒక్కరూ లేవలేదు. పక్కన అడవి దగ్గరి తండా నుండి వచ్చిన సక్రి అనే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఉండబట్టలేక, "ఏమమ్మా, ఈ పంతులుకు ఒళ్ళంతా చెమట పడుతుందని విన్నాను. ఇవాళ పట్టలేదేం?" అని అడిగాను. నా వైపు తిరగనైనా తిరగలేదు.

"ఊకోరాదు పెద్దయ్యా! జర ఇననియ్యి" అన్నది.

ఇన్నాళ్ళూ నీ చెమటను చూసి ఓర్వలేకపోయాననుకున్నాను. అదీ హాయిగా ఉండేది. అది నీది కాదు, ఒక మాత్రది. ఇవాళ దానిని తీసేస్తే మిగిలింది నీ పద్యం. దానికి ఖమ్మంలో మందు లేదు. బోనకల్ కమిటీ వచ్చే కార్తీకానికి కూడా నిన్నే పిలుస్తుందని రాంబాబు నిన్న ఫోనులో చెప్పాడు. చెమట సంగతి వాడికి అంతా చెప్పాను. "అయితే ఏంది సారూ?" అన్నాడు.

నేను మారానని సుబ్బరత్నంతో అనకు. మారలేదు. రేపు తెల్లవారి నీ పురాణం రెండవ రోజు. సత్రంలో ఉప్మా ఏడింటికే పెడతారట. లేచి, తిని, తరువాత మాత్ర వేసుకో. నా కడుపుమంట చల్లారకుండా ఉండాలంటే నీ కడుపు వేళకు నిండాలి.

ఇట్లు,
నీ బావమరిది